గట్టు చివరి దాకా

నూకరత్నం పుస్తకం మూసి బల్ల మీద పడేసింది. ఆ దెబ్బకి మైదా జిగురు గిన్నె అదిరిపడింది.

"ఇంక నావల్ల కాదండి మాస్టారూ. ఆ గువ్వల్లంక నంబరు తీసెయ్యండి."

సంసోను మాస్టారు తలెత్తలేదు. ఆయన చేతిలో వెన్ను ఊడిపోయిన పిల్లల పుస్తకం ఒకటి ఉంది. వేలితో జిగురు రాసి, పాత చీర పేలిక అద్ది, నెమ్మదిగా ఒత్తుతున్నారు.

"ఏం చేశారమ్మా వాళ్ళు?"

"ఏం చేశారా? మీరూ ఇక్కడే కూర్చున్నారు కదండీ! మీ చెవిన పడలేదా?"

గోదావరికి వరదొచ్చి అప్పటికి మూడు వారాలు. బడి గదుల్లో పల్లపు ఇళ్ళవాళ్ళు తలదాచుకున్నారు. నీళ్ళు పూర్తిగా తీసేదాకా లంకల్లోని చిన్నపిల్లల్ని పడవ ఎక్కించొద్దని కట్టడి చేశారు. పుస్తకాల గది ఒక్కటే ఖాళీగా మిగిలింది. పిల్లలు పుస్తకాల దగ్గరికి రాలేరు. అందుకని మాస్టారే ఒక ఏర్పాటు చేశారు. రోజూ పొద్దున్న పది గంటలకి ఆ గదిలోంచి ఫోనులో కథ చదివి వినిపించడం, మధ్యలో పిల్లలు చెయ్యడానికి ఏదో ఒక పని చెప్పడం. ఆరు లంకలు, ఆరు నంబర్లు. ఆరూ ఒకేసారి కలిపితే అందరూ వింటారు.

చదివేది నూకరత్నం.

ఆవిడ ఆ బడిలో పన్నెండేళ్ళుగా ఆయా. నలభై అయిదేళ్ళుంటాయి. చదివింది అయిదో క్లాసు. నలుగురిలో నోరెత్తే మనిషి కాదు. ఒకరోజు బీరువా వెనకాల దుమ్ము దులుపుతూ, ఎవరూ లేరనుకుని ఒక పిల్లల కథ పైకి చదువుకుంటోంది. ఉద్యోగం అయిపోయినా పుస్తకాల గది వదలని సంసోను మాస్టారు అది విన్నారు. మర్నాటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. గొంతు గొంతులోంచి కాదు, కడుపులోంచి రావాలన్నారు. ఫోనుకి కళ్ళు లేవు కాబట్టి బొమ్మని కూడా మాటల్లో చెప్పాలన్నారు. అన్నీ చెప్పారు గానీ ఒక్కటి మాత్రం చెప్పలేదు.

"పేజీ ఎప్పుడు తిప్పాలండీ?" అని అడిగితే, "తెలుస్తుంది" అనేవారు.

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే మాట. సరేలే అని తనే ఒక పద్ధతి పెట్టుకుంది. పేజీలో మాటలు అయిపోతే తిప్పెయ్యడమే. పన్నెండు నిమిషాల్లో పుస్తకం పూర్తి. ఎక్కడా తడబడేది కాదు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అది ఆవిడకి లోలోపల పెద్ద గర్వం.

ఆ గర్వం మీదే ఇప్పుడు దెబ్బ పడింది.

"వెక్కిరిస్తున్నారండి నన్ను. నేను 'ఏనుగు పిల్లకి ముక్కు దురద పెట్టింది' అని చదివానా? అవతల ఒక ముసలి గొంతు, బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు, 'ముక్కు దురదెట్టిందంటా...' అని సాగదీస్తది. దాని వెనకాల ఇంకోటి. దాని వెనకాల ఇంకోటి. నేను ముందుకి పోతుంటే వాళ్ళు వెనకమాటే పట్టుకుని వేళాకోళం చేస్తారు. మొన్నా అంతే, నిన్నా అంతే. ఇవాళ ఉండబట్టలేక 'నోళ్ళు మూస్తారా మూయరా' అన్నాను. అప్పుడేం చేశారో విన్నారా?"

"విన్నాను," అన్నారు మాస్టారు. ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది.

"'నోళ్ళు మూస్తారా మూయరా అంటా!' అని ముసలావిడ. 'నోళ్ళు మూస్తారా మూయరా!' అని ఇంకో పది గొంతులు. నా కోపాన్ని కూడా వెక్కిరించారండి! మీరు నవ్వుతున్నారు గానీ, నాకు ఒళ్ళు మండిపోతోంది. అయిదో క్లాసు ఆయా చదివితే వినేదేంటి అనే కదండీ? ఎగిరే వస్తువు ఒకటి గుప్పిట్లో పట్టుకోండి, ఏనుగు తుమ్మినప్పుడు మీరూ ఊదండి అని చెప్పాను. మిగతా అయిదు లంకల పిల్లలూ ఊదామండీ, ఎగిరిందండీ అన్నారు. వీళ్ళ నోట ఆ మాటే లేదు. వెక్కిరించడానికి మాత్రం గొంతులున్నాయి!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో విసురుగా తుడుచుకుంది.

"ఆ లంకకి ఇంకో ఫోను లేదు రత్నం," అన్నారు మాస్టారు. "ఆ నంబరు తీసేస్తే వాళ్ళకి కథ లేనట్టే."

"లేకపోతే లేదు! మర్యాద లేనిచోట కథెందుకండీ?"

మాస్టారు అతికించిన పుస్తకం మీద ఒక ఇటుకరాయి బరువు పెట్టారు. చేతులు కడుక్కున్నారు.

"సరే, తీసేద్దాం. కానీ చెప్పకుండా తీసెయ్యకూడదు. రేపు పొద్దున్న పెద్దవాళ్ళ కోసం పడవ వెళ్తోంది. నువ్వెళ్ళి వాళ్ళ మొహం మీదే చెప్పిరా. రేపటి కథ నేను చదువుతాలే."

నూకరత్నానికి ఆ మాట బాగా నచ్చింది.

మర్నాడు పడవలో కూర్చున్న దగ్గర్నుంచీ అనాల్సిన మాటలు వరస పెట్టుకుంది. 'పెద్దముండదానివి, నీకేం పోయేకాలం' అని మొదలెడదామనుకుంది. మరీ మోటుగా ఉందనిపించి, 'పెద్దవయసులో ఇదేం పని మామ్మా' అని మార్చుకుంది. మళ్ళీ అది మరీ మెత్తగా ఉందనిపించింది.

"ఏంటక్కా, నీలో నువ్వే గొణుక్కుంటున్నావ్? గోదారిని తిడతన్నావా?" అన్నాడు పడవ నడిపేవాడు.

"నిన్నేం అనట్లేదులే. పడవ తొయ్యి."

గువ్వల్లంకలో ఇళ్ళ అరుగుల దాకా ఇంకా నీళ్ళే. పొడిగా ఉన్నది గట్టు ఒక్కటే. ఒక మనిషి పట్టేంత వెడల్పు. లంకలో జనమంతా దాని మీదే కాపురం. అవతలి చివర మెరక మీద ఒక పశువుల పాక. పడవ ఇవతలి చివర ఆగింది.

పడవవాడు నీళ్ళలో పాతిన గుర్తుకర్ర వంక చూసి, నోటికి చేతులు అడ్డం పెట్టి కేకేశాడు.

"బెత్తెడు తీసిందో!"

గట్టు మీద కూరగాయలు తరుగుతున్న ఒకామె తలెత్తి, "బెత్తెడు తీసిందంటో!" అని అందుకుంది. ఆమె వెనకాల ఇంకొకరు. ఆ వెనకాల ఇంకొకరు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి దూకుతూ పాక దాకా పోయింది.

"ప్రతి ఒక్కడూ నడిచెళ్ళి చెప్పాలంటే తెల్లారిపోద్దక్కా," అన్నాడు పడవవాడు. "వరదలో మాకిదే అలవాటు. కేక అందించుకోటం."

నూకరత్నం వినిపించుకోలేదు. ఆవిడ తన మాటల వరస మర్చిపోకుండా చూసుకుంటోంది.

గట్టెక్కి నాలుగడుగులు వేసిందో లేదో దారి లేదు. పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఆ వరస పాక దాకా ఉంది. అందరి మొహాలూ అటే. దూరంగా పాక చూరు కింద స్టీలు బిందె ఒకటి ఎండకి మెరుస్తోంది. దాని పక్కన ఒక ముసలావిడ.

వరసలో చివర కూర్చున్న పిల్లకి ఆరేళ్ళుంటాయి. ముందు పళ్ళు రెండూ లేవు. కుడిచెయ్యి గుప్పిట బిగించుకుని ఉంది.

"కూచో పెద్దమ్మా. నిలబడితే నీళ్ళలో పడిపోతావ్."

"నేను కూర్చోడానికి రాలేదు. ఆ ముసలావిడ దగ్గరికెళ్ళాలి."

"సూరమ్మ మామ్మ దగ్గరికా? ఎలా ఎల్తావ్? మమ్మల్ని తొక్కుకుంటా ఎల్తావా?" అంది ఆ పిల్ల. "కూచో. కథొచ్చే టైమైంది. ఫోను ఆడొక్కచోటే పలుకుద్ది. గట్టిగా ఇనపడాలని మామ్మ దాన్ని బిందెలో ఎట్టింది."

నూకరత్నం కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది?

పది అయింది. పాక వైపు నుంచి ఆవిడకి ఒక్క ముక్క వినపడలేదు. నీళ్ళ చప్పుడు, ఎక్కడో మేక అరుపు, అంతే. అప్పుడు సూరమ్మ మామ్మ గొంతు లేచింది. ఆ గొంతు నూకరత్నానికి తెలుసు. ఒళ్ళు మండించిన గొంతు.

"కొండ మీద గుమ్మడికాయ ఉందంటా..."

మాట కదిలింది. ఒక పిల్ల తలతిప్పి వెనకున్న పిల్లాడికి చెప్పింది. వాడు తన వెనకాల వాళ్ళకి. తల తరవాత తల తిరుగుతోంది. ఒకడు 'గుమ్మడికాయ'ని రెండు చేతులతో చూపించి మరీ అందించాడు. చివరికి ముందు పళ్ళు లేని పిల్ల నూకరత్నం వైపు తిరిగింది.

"కొండ మీద గుమ్మడికాయ ఉందంట పెద్దమ్మా. అందించు."

"ఎవరికి అందించను? నా వెనకాల గోదారే ఉంది."

"అయితే గోదారికి సెప్పు."

నూకరత్నం వెనక్కి చూసింది. ఎర్రటి నీళ్ళు.

రెండో మాట వెంటనే రాలేదు. అవతల ఫోనులో మాస్టారు ఆగి ఉన్నారు. ఈ చివరి పిల్ల చెప్పడం అయ్యాక, గట్టంతా సద్దుమణిగాక, అప్పుడు మళ్ళీ మామ్మ గొంతు లేచింది. "గాలికి తొడిమ తెగిందంటా..."

"ఇయ్యాల తాత సదువుతున్నాడు," అంది ఆ పిల్ల, గుసగుసగా. "తాత మంచోడు. ఆగుతున్నాడు."

"రోజూ చదివే ఆవిడ?"

"ఆ టీచరమ్మ గొంతు బాగుంటదంట. కానీ ఆగదు. మాట మా కాడికొచ్చేసరికి అక్కడ రెండు మాటలు అయిపోతాయి. మాకు సగమే వత్తది. నిన్న ఏనుగు పిల్లకి ముక్కు దురదెట్టింది. ఆ తరవాత ఏనుగుకి కోపమొచ్చింది."

"ఏనుగుకి కోపమా?" అంది నూకరత్నం. ఆ కథలో కోపం ఎక్కడా లేదు.

"ఊఁ! నోళ్ళు మూస్తారా మూయరా అంది. మేవందరం అందించాం. మా తమ్ముడైతే భయపడ్డాడు కూడా. ఆ తరవాత మాదాకా రాలేదు. ఏనుగు తుమ్మిందో లేదో తెలీదు."

నూకరత్నానికి పడవలో వరస పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ గుప్పిట్లో ఏంటమ్మా?" అంది.

పిల్ల వేళ్ళు కొంచెం తెరిచి చూపించింది. చెమటకి నలిగిపోయిన కోడి ఈక.

"ఎగిరేది పట్టుకోమంది టీచరమ్మ. నిన్నే పట్టుకున్నా. రాత్రి తలగడ కింద పెట్టుకుని పొద్దున్నే మళ్ళీ తీశా. ఎందుకు పట్టుకోమందో ఆ మాట రాలేదు."

"నీ పేరేంటి?"

"లోవ. ఉష్! కథ వత్తంది. అందుకో."

గుమ్మడికాయ గట్టు పొడుగూతా దొర్లుకుంటూ వచ్చి చివర ఆగింది. కథ అయిపోయింది. పిల్లలు లేచి దారి ఇచ్చారు. సూరమ్మ మామ్మ బిందెలోంచి ఫోను తీసి కొంగుకి తుడుచుకుంటూ, అవతలి చివర నుంచే కేకేసింది.

"ఎవరు తల్లీ నువ్వు? ఏం పనిమీదొచ్చావ్?"

ఆ కేకని కూడా వరసగా అందించుకొచ్చి నూకరత్నానికి అప్పజెప్పారు.

"ఏమీ లేదని చెప్పమ్మా," అంది నూకరత్నం. "ఊరికే... నీళ్ళు చూద్దామని."

పడవెక్కుతుంటే లోవ రేవు దాకా వచ్చింది.

"పెద్దమ్మా, ఏనుగు తుమ్మిందంటావా?"

"రేపు తెలుస్తుంది."

"ఈక పారెయ్యనా, ఉంచనా?"

"ఉంచు."

పుస్తకాల గదికి వచ్చేసరికి మళ్ళీ కోపం అందుకుంది ఆవిడకి. ఈసారి దాన్ని ఎవరి మీద పెట్టాలో తోచక మాస్టారి మీద పెట్టింది.

"మీకు ముందే తెలుసు! ఇక్కడ కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పొచ్చు కదండీ. మూడు రోజులు నన్ను అలా చదవనిచ్చారు. ఆ పిల్ల రాత్రంతా ఈక తలగడ కింద పెట్టుకుని పడుకుందండి!"

"నాకేం తెలీదు రత్నం," అన్నారు మాస్టారు. "చప్పుడు వినపడింది. అది అయ్యేదాకా ఆగాను."

ఇటుకరాయి తీసి అతికించిన పుస్తకం చూసుకుంటూ, "నంబరు తీసెయ్యమన్నావుగా. తీసెయ్యనా?" అన్నారు.

ఆవిడ బీరువాలోంచి ఏనుగు పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుంది.

మర్నాడు పదింటికి ఆరు నంబర్లూ కలిశాయి. నూకరత్నం మొదటి పేజీ చదివింది. బొమ్మ చెప్పింది. ఆగింది. బిందెలోంచి మామ్మ గొంతు లేచింది, తరవాత ఇంకోటి, ఇంకోటి. మిగతా లంకల్లో ఎవరో "ఫోను ఆగిపోయిందా?" అన్నారు. "ఆగలేదమ్మా, వస్తోంది," అంది.

కథకి పన్నెండు నిమిషాలు దాటిపోయాయి. ఇరవై దాటాయి. ఏనుగు పిల్లకి ముక్కు దురద పెట్టిన పేజీ వచ్చింది.

"పిల్లలూ, ఎగిరేది అరచేతిలో పెట్టుకోండి. ఏనుగు తుమ్మగానే ఊదండి. హా... హా... హాచ్!"

హాచ్ అని మామ్మ తుమ్మింది. గట్టు మీద తుమ్ములు ఒకదాని వెనక ఒకటి దూరమవుతూ, చిన్నవవుతూ పోయాయి. ఆ తరవాత ఏమీ వినపడలేదు.

నూకరత్నం వేలు పేజీ మూల మీదే ఉంది. తిప్పలేదు. మాస్టారి జిగురు వేలు కూడా గాలిలోనే ఆగింది.

చాలాసేపటికి, ఎంతో దూరం నుంచి, పళ్ళు లేని నోటి తుమ్ము ఒకటి వచ్చింది. దాని వెంటే ఒక నవ్వు.

నూకరత్నం పేజీ తిప్పింది.