అరగని సుద్దముక్క

బండిని స్టాండు మీద నిలబెట్టి, చక్రం చేత్తో తిప్పి, బ్రేకు పడితే ఆగింది కదా అని చేతులు తుడుచుకునేవాడివి నువ్వు. నీకు సిగ్గుండాలి. స్టాండు మీదున్న బండి మీద ఎవరూ కూర్చోరు. రోడ్డు మీదున్న బండి మీద ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి వెనక ఇంకొకరు ఉంటారు. రెడ్డెప్ప ఏం చేశాడో చెబుతాను, విను.

మదనపల్లెలో జిలానీ ఉస్తాద్‌కు షెడ్డు ఉండేది. పాత మోటారు సైకిళ్ళు మాత్రమే చేసేవాడు. ఆయన దగ్గర పని నేర్చినవాడికి సొంత షెడ్డు పెట్టుకునే అర్హత వచ్చిందనుకుంటే, ఒక శుక్రవారం నమాజు అయ్యాక, గుడ్డలో చుట్టిన పానాల మూట తన చేత్తో ఇచ్చేవాడు. మాటలేమీ చెప్పేవాడు కాదు. ఆ మూట అందుకున్నవాడి పనిని ఆ చుట్టుపక్కల ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు. అప్పటికి నలుగురు అందుకున్నారు. అయిదోవాడు రెడ్డెప్ప. వచ్చే శుక్రవారమే అన్నాడు ఉస్తాద్.

రెడ్డెప్ప ఎనిమిదేళ్ళు పనిచేశాడు. ఇంజను చప్పుడు విని లోపల ఏది వదులైందో చెప్పగలడు. ఆ పేరు తలకెక్కింది. బ్రేకు పనంటే చులకన.

"నట్టు తిప్పితే బిగుసుకుంటాది. దానికి ఎనిమిదేళ్ళు చదువు కావాల్నా?" అనేవాడు.

ఆ వారం నరసింహులు బండి వచ్చింది. ఆయన కొండ మీది అతిథి గృహంలో వంటమనిషి. బండి తండ్రి కాలం నాటిది. ముందు బ్రేకు లివరు పిడికిలి దాకా వచ్చేస్తుంది గానీ బండి ఆగదు. భారమంతా వెనక బ్రేకు మీదే పడి, మూడో మలుపుకే అది కాలిపోయే వాసన వస్తుంది. ఆయన భార్య గంగులమ్మకు చక్కెర జబ్బు. ప్రతి గురువారం ఆమెను వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి కొండ దిగాలి.

రెడ్డెప్ప కొత్త వైరు వేశాడు. చక్రం డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూలు కొత్తవి వేశాడు. పైన రేకును అద్దంలా మెరిసేలా రుద్దాడు. స్టాండు మీద చక్రం తిప్పి లివరు పట్టాడు. టక్కున ఆగింది.

ఉస్తాద్ వచ్చి చూశాడు.

"సుద్ద పెట్టినావా?"

"పెట్టినా ఉస్తాద్."

పెట్టలేదు. ఆ పని ఇలా ఉంటుంది. షూ మీద సుద్ద రాసి, డ్రమ్ములో పెట్టి, లివరు మెల్లగా పట్టి చక్రం తిప్పాలి. విప్పి చూస్తే సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే షూ డ్రమ్మును తాకుతున్నట్టు. ఆ మిట్టను ఆకురాయితో అరగదీసి, మళ్ళీ సుద్ద రాయాలి. షూ మొత్తం తాకేదాకా పది సార్లో, పదిహేను సార్లో. సగం రోజు పని. చేసినా పైకి కనిపించదు.

ఉస్తాద్ గోడలోని గూటి వైపు చూశాడు. పొద్దున పెట్టిన సుద్దముక్క కొస అరగకుండా అలాగే ఉంది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. ఒక సంచిలో నాలుగు పానాలు, ఆకురాయి పెట్టుకున్నాడు.

"పద. బండి మనమే ఇచ్చొద్దాం."

కొండెక్కారు. నరసింహులు టీ ఇచ్చాడు. గంగులమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమప్పా రెడ్డెప్పా, మెరుగు బాగా పెట్టినావే. రేపు దాంట్లో మొగం చూసుకుంటా దిగమంటావా?"

"రేపు నీకే తెలుస్తాది లేక్కా," అన్నాడు రెడ్డెప్ప.

"ఈ పొద్దు మేము దిగి చూస్తాం తల్లీ," అన్నాడు ఉస్తాద్. "రేపు మీరు దిగుదురు."

బండిని రోడ్డు దాకా తోసుకొచ్చాక ఉస్తాద్ కింద కూర్చున్నాడు. వెనక బ్రేకు కడ్డీ చివరనున్న నట్టు విప్పి, కడ్డీని ఊడదీశాడు. నట్టును రెడ్డెప్ప అరచేతిలో పెట్టాడు.

"ఇదెందుకు ఉస్తాద్?"

"పెట్టుకో. ముందుది నువ్వు చేసినావు గదా, అది చాలు మనకు. కూర్చో."

ఇంజను వేయలేదు. గేరూ లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి ముందు, రెడ్డెప్ప వెనక. బండి వాలులోకి జారింది.

సుద్ద పెట్టలేదన్న మాట రెడ్డెప్ప నోటి దాకా వచ్చింది. శుక్రవారం రెండు రోజుల్లో ఉంది. మింగేశాడు.

వాలు పెరిగింది. ఉస్తాద్ లివరు పట్టాడు. వేగం కొంచెం తగ్గినట్టు తగ్గి, మళ్ళీ పెరిగింది. మొదటి మలుపు, దానికవతల లోయ కనిపించాయి. పిడికిట్లో నట్టు చెమటకు తడిసింది.

"ఆపండి ఉస్తాద్."

"దేంతో ఆపాల బేటా?"

ఉస్తాద్ లివరు వదల్లేదు, తల తిప్పలేదు. మలుపు తిరిగింది. తిరిగాక యాభై అడుగులు రోడ్డు ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తులో బండి నెమ్మదించి, తనంతట తానే ఆగింది. ఆ రోడ్డు ఉస్తాద్‌కు నలభై ఏళ్ళుగా తెలుసు. రెడ్డెప్ప ఎప్పుడూ ఇంజను చప్పుడు వింటూ ఎక్కాడు, దిగాడు. రోడ్డు చూడలేదు.

వాడు దిగి నిలబడ్డాడు. ఉస్తాద్ జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు. సంచి పక్కన పెట్టాడు. తువ్వాలు పరుచుకుని రోడ్డు పక్కనే నమాజు చేసుకున్నాడు.

రెడ్డెప్ప చక్రం విప్పి, షూలకు సుద్ద రాసి, బిగించి, తిప్పి, మళ్ళీ విప్పాడు. జానెడు షూ మీద రెండు వేళ్ళ వెడల్పునే సుద్ద చెరిగింది. మిగతాదంతా తెల్లగా ఉంది. ఆ రెండు వేళ్ళ మీద గంగులమ్మ రేపు కొండ దిగాల్సింది.

ఆకురాయి అందుకున్నాడు. పదకొండు సార్లు విప్పాడు. పన్నెండోసారి షూ కొస నుంచి కొస దాకా చెరిగింది. ఉస్తాద్ ఒక్క మాటే చెప్పాడు:

"లివరు పట్టుకోనే చక్రం యాక్సిల్ బిగించు. అప్పుడే రెండు షూలూ నడిమధ్యకు వస్తాయి."

బండిని మళ్ళీ పైదాకా తీసుకుపోయారు. వెనక బ్రేకు లేకుండానే మళ్ళీ దిగారు. ఈసారి మలుపుకు ఇరవై అడుగుల ముందే, వాలులోనే ఆగింది. ఉస్తాద్ వెనక్కి చెయ్యి చాపాడు. రెడ్డెప్ప జేబులోంచి నట్టు తీసి ఇచ్చాడు.

గురువారం గంగులమ్మ ఆసుపత్రికి వెళ్ళి వచ్చింది. ఆమెకు ఈ సంగతేమీ తెలియదు.

శుక్రవారం నమాజు అయింది. ఉస్తాద్ షెడ్డుకు వచ్చి, మూటకు బదులు రెడ్డెప్ప ముందు ఒక పాత చక్రం పెట్టాడు. దాని పక్కన సుద్దముక్క పెట్టాడు. ఆ రోజు నుంచి వాణ్ణి ఇంజను ముట్టనివ్వలేదు. షెడ్డుకు వచ్చిన ప్రతి బ్రేకూ వాడిదే.

మూడేళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం షెడ్డులోనే, స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉస్తాద్ కన్ను మూశాడు. నలభై రోజుల తర్వాత ఆయన కొడుకు గూడు సర్దుతుంటే గుడ్డలో చుట్టిన పానాల మూట దొరికింది. మీద సుద్దతో రెడ్డెప్ప పేరు రాసి ఉంది. కొడుకు దాన్ని తెచ్చి ఇచ్చాడు.

రెడ్డెప్ప ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాడు. ఆ మూట గోడకు వేలాడుతుంది, విప్పడు. అయిదుగురిలో ఉస్తాద్ చేతి మీదుగా అందుకోనివాడు తనొక్కడే.