వంగనారు పందెం

ప్రశ్న అడిగినవాడికి మా వకుళమ్మగారు కూర్చుని జవాబు చెప్పిన పాపాన పోలేదు. "పద" అని లేచేవారు, అంతే. తోటపనితో రోగుల్ని తేర్చేవాళ్ళకీ, ఆటలతో తేర్చేవాళ్ళకీ ఆవిడ ఒకే తరగతిలో శిక్షణ ఇచ్చేవారు. అది మింగుడుపడనివాడు సుధీంద్ర, తోట పక్షం.

"అమ్మా, మాది మట్టి, వాళ్ళది బంతి. ఇద్దరికీ కలిపి ఒకే చదువేమిటి?" అని ఓ ఉదయం అడగనే అడిగాడు.

"పద," అన్నారావిడ. మేమంతా వెనకే బయల్దేరాం.

ఆసుపత్రి పెరట్లో పర్వతాలుగారు ఉన్నారు. లారీ నడిపిన మనిషి. పక్షవాతం కుడిచేతిని దెబ్బతీసింది. ఒకరు తినిపించకుండా తన అన్నం తనే కలుపుకు తినాలని ఆయన పంతం. ముందురోజు ఆ చేత్తోనే, చెమటలు కక్కుతూ, వంగనారు నాటారు. సాలు వంకరటింకరగా వచ్చింది. ఆయన గదికి వెళ్ళగానే సుధీంద్ర ఉండబట్టలేక అన్నీ పీకి, వరసగా తిరిగి నాటాడు. మొక్కల మీద ప్రేమ మరి!

పర్వతాలుగారు ఆ సాలు చూశారు. "ఇది నేను నాటింది కాదు. అంతా మీరే చేసుకునేదానికి నేనెందుకయ్యా?" అని చెయ్యి ఒళ్ళో పెట్టేసుకున్నారు. సుధీంద్ర మొహం మాడిపోయింది. ఎంత బతిమాలినా ఆయన ఆ చెయ్యి కదపలేదు.

అప్పుడు ఆటల పక్షం నఫీసా ముందుకొచ్చింది. "తాతా, పందెం! ఆ ఖాళీ సాలు నీది, ఈ ఖాళీ సాలు నాది. నేను ఎడంచేత్తోనే నాటుతా. అలాగని ఊరికే గెలవనిస్తాననుకోకు!" అని, సుధీంద్ర వైపు తిరిగి, "ఇంతకీ నాటినట్టు లెక్కెప్పుడు?" అంది.

"మొక్క మొదట్లో మట్టిని వేళ్ళతో గట్టిగా అదమాలి. లాగితే ఊడొచ్చిందా, లెక్కలోకి రాదు," అన్నాడు వాడు.

పర్వతాలుగారు కుర్చీ ముందుకు జరిపించుకున్నారు. మొండికేసిన కుడిచేతి వేళ్ళు మట్టిలోకి దిగాయి. సాలు మళ్ళీ వంకర పోతుంటే సుధీంద్ర చెయ్యి సాగింది. "ఏయ్, తొండి!" అని నఫీసా అరిచింది. పాపం, వాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

చివరికి లాగి చూస్తే నఫీసా మొక్క ఒకటి ఊడొచ్చింది. ఆయనవి ఒక్కటీ కదల్లేదు.

"గెలిచా! ఇంకెవరొస్తారో రండి!" అంటూ పర్వతాలుగారు తొడ చరిచారు. కుడిచేత్తో! మాకు ఒళ్ళు పులకరించింది. ఆ పూట మా చదువు మీద మాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

సుధీంద్ర కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు: "అమ్మా, ఆ చేతిని లేపింది మా తోటా, వాళ్ళ ఆటా?"

"ఆయన్నే అడుగు. 'నేనే' అంటారు," అన్నారు వకుళమ్మగారు. "అలా అన్నారా, మీ ఇద్దరూ పాసయినట్టే."