కావలి కొమ్మ దిగిన చురుకమ్మ

మద్దిమాకుల అడవిలో చుక్కల దుప్పులున్నాయి, నెమళ్లున్నాయి, కొండముచ్చులున్నాయి. ఒక చిరుతపులి కూడా ఉంది. అది లేకపోతే అందరూ హాయిగా ఉండేవారు, మనకు మాత్రం కథ ఉండేది కాదు.

ఆ అడవిలో కొండముచ్చులకూ దుప్పులకూ ఒక ఒప్పందం ఉంది. ఒక కొండముచ్చు చెట్టు చిటారున కూర్చుని నాలుగు దిక్కులూ చూస్తుంది. కింద దుప్పులు తలొంచుకుని మేస్తాయి. చిరుత కనిపిస్తే పైనుంచి "ఖక్! ఖక్!" అని కేక. అంతే, మంద మాయం. గాలిలో చిరుత వాసన తగిలితే దుప్పులు ముందే కాలు నేలకేసి కొట్టి పైవాళ్లకు చెబుతాయి. కళ్లు పైన, ముక్కులు కింద.

అడవి మధ్య పారే వాగుకు ఇవతల కావలి చురుకమ్మది. అవతల కావలి ఆమె తమ్ముడు బింకయ్యది.

చురుకమ్మ ముసలిదేం కాదు. కళ్లు బాగున్నాయి, కాళ్లు బాగున్నాయి, తోక మరీ బాగుంది. మనసే బాగాలేదు.

దానికి కారణం ఉంది. పోయిన వారం కొండ మలుపు దగ్గర కావలి కాసే గెంతులయ్య పొద్దున్నే పది కొమ్మలు దూకాడు. మధ్యాహ్నానికి చెయ్యి పైకి లేవలేదు. సాయంత్రానికి మాట పడిపోయింది. చురుకమ్మ కంటే రెండేళ్లు చిన్నవాడు!

అప్పటినుంచి ఆమెకు మోచెయ్యి దురద పెడితే "ఇదేనేమో" అనిపించేది. ఆవులింత వస్తే "ఇదేనేమో" అనిపించేది. ఒకరోజు దడదడమని చప్పుడు వినిపిస్తే చిరుత పరుగనుకుని కేక వేయబోయింది. తీరా చూస్తే అది ఆమె గుండె చప్పుడే.

ఆమె మొగుడు నెమ్మదయ్య పెళ్లయిన కొత్తలో ఒక మాటన్నాడు. "జేగురు కొండ ఎక్కుదామే. అక్కడినుంచి పెద్దేరు కనిపిస్తుందట."

"వచ్చే ఏడు" అంది చురుకమ్మ. పన్నెండేళ్లుగా అదే మాట అంటోంది. గెంతులయ్య కూడా తన పెళ్లాంతో ఇలాగే ఏదో అనే ఉంటాడని ఇప్పుడు తోచి, ఆమెకు ముద్ద దిగలేదు.

మర్నాడు అందరినీ పిలిచి చెప్పేసింది. "వానాకాలం అయ్యాక నేను కావలి దిగిపోతాను."

అందరూ నోళ్లు తెరిచారు. కావలి కొమ్మ మీంచి పడినవాళ్లున్నారు కానీ, తమంతట తాము దిగినవాళ్లు ఆ అడవిలో లేరు మరి.

దుప్పుల పెద్ద చుక్కమ్మ కంగారుపడింది. "నువ్వు దిగిపోతే మా గతేంటి వదినా? తలొంచి ఒక్క గడ్డిపరకైనా తినగలమా?"

బింకయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకేం రోగమే అక్కా? గుండ్రాయిలా ఉన్నావు!"

"గుండ్రాయిలా ఉన్నప్పుడే దిగాలిరా. పడ్డాక ఇంకేం దిగుతాను?"

"నేనైతే ఊపిరి ఉన్నంతవరకూ ఈ కొమ్మ వదలను. నాలాంటి కళ్లు ఇంకెవరికున్నాయి?"

నిజానికి ఆ కళ్లకు ఏడాదిగా దూరపు చెట్లన్నీ పొగలా కనిపిస్తున్నాయి. బింకయ్య ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నెమళ్లు అరిస్తే తనూ అరిచి, తానే ముందు చూసినట్టు తోక ఎగరేసేవాడు. పక్కన ఇంకొకరిని కూర్చోనిస్తే గుట్టు బయటపడుతుంది కదా! అందుకే ఎవరికీ పని నేర్పలేదు.

చురుకమ్మ మాత్రం వానాకాలమంతా చూపులమ్మ అనే కొండముచ్చును పక్కన కూర్చోబెట్టుకుంది. "గాలికి ఆకులన్నీ కదులుతుంటే భయం లేదు. అన్నీ కదులుతూ ఒక్క పొద మాత్రం కదలకుండా ఉందనుకో, దాన్ని చూడు" అని చెప్పింది. చూపులమ్మ ఇరవై రోజులు తప్పులు చేసింది, ఆ తర్వాత చేయలేదు.

వానలు ఆగాయి. చురుకమ్మ కొమ్మ దిగింది. దిగాక హాయిగా ఉందా? అబ్బే! ఆకు రాలితే ఉలిక్కిపడేది. అరగంటకోసారి సగం చెట్టు ఎక్కి "చూస్తున్నావా?" అనేది.

"నిన్నే చూస్తున్నా అత్తా, నువ్వు అడ్డు తప్పుకో" అనేది చూపులమ్మ.

"జేగురు కొండకు ఎప్పుడు?" అనేవాడు నెమ్మదయ్య.

"రేపు."

"'వచ్చే ఏడు' పోయి 'రేపు'కు వచ్చాం. ఇదీ మంచిదే" అని ఆయన ఆకులు నమిలేవాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం వాగు అవతల గాలి దిశ మారింది. దుప్పుల ముక్కులకు ఏ వాసనా అందలేదు. చిరుత చప్పుడు లేకుండా బింకయ్య చెట్టే ఎక్కి, కింది కొమ్మ మీద పడుకుని మందను చూస్తోంది. దాని తోక కిందికి వేలాడుతోంది.

బింకయ్య దాహం వేసి కిందికి దిగాడు. అతని కంటికి చిరుత పచ్చని ఒళ్లు పండుటాకుల గుత్తిలా కనిపించింది. వేలాడే తోక తీగలా కనిపించింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊగాడు!

చిరుత గర్జించింది. బింకయ్య గుండె జారింది, చేతులు జారాయి, అతనూ జారి బండ మీద పడ్డాడు. అతను కేక వేసేలోపే చిరుత అతన్ని దాటి మంద మీదికి దూకింది.

ఇవతల చెట్టు మీంచి "ఖక్! ఖక్! ఖక్!" అని కేక మోగింది. చూపులమ్మ! అవతలి మంద ఒక్క దూకులో వాగు దాటేసింది. ఒక దుప్పి తొడకు పంజా గీరుకుంది, ప్రాణం మాత్రం దక్కింది.

చిరుత అడవిలోకి వెళ్లిపోగానే చురుకమ్మ వాగు దాటి తమ్ముడి దగ్గరికి పరుగెత్తింది. బింకయ్య తుంటి విరిగింది.

"వచ్చే ఏడు నేనూ దిగుదామనుకున్నానక్కా" అన్నాడు నీరసంగా.

చురుకమ్మ అతను లేచి కూర్చునేదాకా పది రోజులు పక్కనే ఉంది. పదకొండో రోజు బింకయ్యే కసిరాడు. "ఇంకా నా కోసం ఆగితే తంతాను!"

"ఏ కాలితోరా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే ఇద్దరికీ కళ్లు తడిశాయి.

చురుకమ్మ, నెమ్మదయ్య ఆ రోజే బయల్దేరారు. మూడేళ్లపాటు జేగురు కొండే కాదు, దాని వెనక కొండలూ ఎక్కారు. పెద్దేటిని చూశారు. నాలుగో ఏడు ఒక పొద్దున చురుకమ్మ మోకాలు పట్టేసింది. మరి వదల్లేదు.

ఆమె మోకాలిని నిమురుతూ, "నువ్వొస్తావని భయపడీ భయపడీ విసుగొచ్చి, ఎక్కాల్సిన కొండలన్నీ ఎక్కేశాను. ఇప్పుడా రావడం?" అని కాళ్లు చాపుకుని కూర్చుంది.

నీతి: ఒంట్లో సత్తువ ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు కనుక, అది ఉండగానే పని ఇంకొకరికి నేర్పి, మిగిలిన కాలాన్ని మనకోసం ఉంచుకోవాలి.