పది నిమిషాల పని

కాకినాడలో పాఠాలు చెప్పి రిటైరైన దీక్షితులు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఆయన చెంత చేరి మేం కొందరం, చూపులేని వారికి తెలుగు పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి జీతం బత్తెం లేకుండా తయారుచేసేవాళ్ళం. దాని కోడ్ ఇంటర్నెట్‌లో అందరి ముందూ ఉండేది. ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. అందులో తేలికపాటి తప్పు కనబడితే మాస్టారు తాను దిద్దేవారు కాదు. ‘కొత్తవారికి’ అనే జాబితాలో రాసి వదిలేసేవారు.

ఇది చూస్తే హైమవతికి ఒళ్ళు మండేది. పనిలో ఆమెను మించినవాళ్ళు మాలో లేరు, ఓపికలో మాత్రం అందరికన్నా వెనకే. జూన్‌లో బడి తెరిచేలోగా సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పు అందిస్తామని ఒక అంధ బాలల పాఠశాలకు మాటిచ్చింది కూడా ఆమే.

“పది నిమిషాల పనిని నెలల తరబడి ఎందుకు నానబెడతారు మాస్టారూ?” అని ఒకరోజు నిలదీసింది.

“‘డా.’ అని రాసి ఉంటే డాక్టర్ అని చదవడం లేదు చూడు, అదొక్కటీ వదిలెయ్యమ్మా. మిగతావి నీ ఇష్టం,” అన్నారాయన.

ఆ ఒక్కదాన్నీ దిద్దుతానని నర్సీపట్నం నుంచి నూకరత్నం అనే ఆవిడ ముందుకొచ్చింది. ఆవిడకు చూపు లేదు. మా సాఫ్ట్‌వేర్‌తోనే రోజూ పుస్తకాలు వినేది, కోడ్ రాయడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. పది నిమిషాల పనికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా హైమవతిని నలభై ప్రశ్నలడిగింది. ప్రతిదానికీ జవాబు రాయాల్సిందేనని మాస్టారు పట్టుబట్టారు. హైమవతి పళ్ళు నూరుకుంటూనే రాసింది. దిద్దుబాటు చేరిన మర్నాడే నూకరత్నం ఇంకో పని అడిగింది. వారం తిరక్కుండా ఇద్దరు స్నేహితురాళ్ళను కూడా తీసుకొచ్చింది.

మే నెలలో హైమవతికి కామెర్లు. మంచం మీద ఆమె బెంగంతా ఇచ్చిన మాట గురించే. నెల్లాళ్ళకు లేచి చూసేసరికి కొత్త కూర్పు బడికి చేరిపోయి ఉంది. నూకరత్నం, స్నేహితురాళ్ళు కలిసి గడువుకు రెండ్రోజుల ముందే పూర్తిచేశారు. పిల్లలు గొంతు వేగం పెంచి పెంచి పాఠాలు వింటూ పడీ పడీ నవ్వుతున్నారట. హైమవతి సంతోషం పట్టలేక ఏడ్చేసింది. తను లేకుండానే అయిపోయిందని కాస్త అలిగింది కూడా, అబద్ధమెందుకు.

ఏడాది చివర అందరం కలిసినప్పుడు ఆమే జాబితా చదివింది. తేలికపాటి తప్పులు ముప్పై ఉన్నాయి.

“ఒక్కదాన్నీ ముట్టుకోలేదు మాస్టారూ,” అంది. “ఇంతకీ ఇవి ఎవరెవరికి?”

“వాళ్ళతో మనకింకా పరిచయం కాలేదమ్మా,” అన్నారు మాస్టారు.