ముప్పై ఆరడుగుల దారి

అనగనగా, కొండగెడ్డ ఒడ్డున గెడ్డపాలెం అనే ఊళ్ళో గవర్రాజు అని ఒకాయన ఉండేవాడు. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చేవాడు. ఇటు తిరిగి పడుకో బుజ్జీ, చెబుతున్నా. ఊళ్ళో అందరి ఇళ్ళ ముందూ పందిళ్ళు వేసీ వేసీ ఆయనకి ఒకటే కోరిక పుట్టింది. తను కట్టే ఇల్లు చూసి ఊరంతా నోరెళ్ళబెట్టాలి.

అప్పుడు సింహాద్రి మేస్త్రిని పిలిపించాడు. పునాదులు తవ్వారు. గెడ్డ పొంగినా నీళ్ళు రాకుండా ఇంటిని వీధికన్నా మూడడుగులు ఎత్తు లేపారు.

ఆ తర్వాత ఒకరోజు మేస్త్రి జేబులోంచి మడత కాయితం తీశాడు. "బాబూ, ఇల్లంటే ఈ ఏటికి కాదు గదా, నలభై ఏళ్ళకి. ఇప్పుడే మూడు పనులు చేసుకుంటే రేపు గోడలు పగలగొట్టక్కర్లేదు" అన్నాడు.

ఒకటి, మెట్ల పక్కన వాలుగా ర్యాంపు. రెండు, కింద గదికీ బాత్రూముకీ వెడల్పాటి తలుపులు. మూడు, గోడల్లో ఖాళీ పైపులు, ఎప్పుడు ఏ కొత్త వైరు కావాలన్నా దూర్చుకోడానికి.

"మూడూ చేయించండి. కాలూ చెయ్యీ ఎప్పుడెలా ఉంటాయో ఎవరు చూసొచ్చారు?" అంది గవర్రాజు భార్య వరాలు.

గవర్రాజు పైకే లెక్కలేసుకున్నాడు. పైపులు బాగానే ఉన్నాయి, కరెంటు కారు కొంటే ఛార్జింగు పెట్టుకోవచ్చు. తలుపులు వెడల్పు చేస్తే అద్దాల బీరువాకి గోడ చాలదు. ర్యాంపు పెడితే ఫౌంటెనుకి చోటుండదు.

అప్పుడు కూలీలందరూ వింటుండగా నవ్వుతూ అనేశాడు. "పైపులు పెట్టు చాలు. మా ఇంట కుంటోళ్ళెవరున్నారు మేస్త్రీ? ఉండబోరు కూడా."

మేస్త్రి కాయితం మడిచి జేబులో పెట్టుకుని తాపీ అందుకున్నాడు. వరాలు మాత్రం గొణిగింది. "ఇంకా కొనని కారుకి చోటు దొరికింది. మనిషికి దొరకలేదు."

ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ఊరంతా వచ్చింది. భోజనాల వేళ, మేస్త్రికి కొత్తబట్టలు పెడదామని గవర్రాజు అందరి ముందూ పిలిచాడు. మేస్త్రి ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు.

"మీవాళ్ళేరీ?"

"కిందున్నారు బాబూ."

గవర్రాజు వంగి చూశాడు. ఆరు నల్లరాతి మెట్ల కింద చక్రాల కుర్చీలో ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. పట్టుపరికిణీ కట్టుకుంది, తల్లో కనకాంబరాలు. మేస్త్రి కూతురు పైడి. ఇన్నాళ్ళూ మేస్త్రికి పిల్లలున్నారో లేదో కూడా గవర్రాజు అడగలేదు.

వడ్డించేవాళ్ళిద్దరు ముందుకొచ్చి, "కుర్చీతో సహా ఎత్తుకొచ్చేస్తాం" అన్నారు.

"వద్దండీ" అంది ఆ పిల్ల మెల్లగా. "నేను బియ్యం బస్తాని కాదు."

అప్పుడు వరాలు రెండు విస్తళ్ళు తీసుకుని కిందికి దిగింది. జనం చెప్పులు విడిచిన చోట ఆ పిల్ల పక్కన కూర్చుని తింది. పైన చుట్టాలు "ఇల్లంటే ఇదిరా" అంటున్నారు. గవర్రాజుకి మాత్రం తల కొట్టేసినట్టయింది. కూలీల ముందు తనన్న మాట చెవుల్లో మోగింది. ఆ మాట మేస్త్రి ఎలా మింగాడో అనుకుంటూ, కొరికిన బూరె విస్తట్లోనే వదిలేశాడు.

ఆ తర్వాత ఆయన ఆ మెట్లెక్కినప్పుడల్లా తల దించుకునేవాడు. ఒకరోజు తెగించి మేస్త్రి ఇంటికి బయల్దేరాడు. వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాడు. రెండోసారి గుమ్మం దాకా వెళ్ళాడు. మేస్త్రిని చూడగానే, "కుళాయి కారుతోంది, చూడాలి" అని అబద్ధమాడి వచ్చేశాడు. పాపం, మేస్త్రి నిజంగానే వెళ్ళి కుళాయిలన్నీ తిప్పి చూశాడు. ఎక్కడా చుక్క కారలేదు. అప్పుడు గవర్రాజు సిగ్గు రెండింతలైంది.

మూడోసారి వెళ్తే మేస్త్రి లేడు. అరుగు మీద పైడి స్కేలుతో ఏదో గీస్తోంది. ఇంటి ప్లాన్లు గీసే చదువట. గవర్రాజు నిలబడే, కళ్ళు నేలకి దించుకుని, తనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పి, తప్పయిపోయిందన్నాడు.

ఆ పిల్ల పెన్సిలు ఆగిపోయింది. మొహం చిన్నబోయింది.

"ఆ కాయితం నేనే గీశానండీ. మీకు ర్యాంపూ, తలుపులూ నచ్చలేదని చెప్పారు నాన్న. ఈ మాట చెప్పలేదు" అంది.

చూశావా బుజ్జీ, తన గుండె బరువు దించుకోవాలని పోయి, తండ్రి దాచిన ముల్లుని పిల్ల గుండెలో దింపేశాడు. భూమి చీలితే బాగుండుననిపించింది గవర్రాజుకి.

పైడి గీస్తున్నది పక్కన పెట్టి కొత్త కాయితం తీసింది.

"ఇల్లు ఎత్తెంత?"

"మూడడుగులమ్మా."

"అడుగు ఎత్తుకి పన్నెండడుగుల దారుండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే చేతులు లాగలేవు. ముప్పై ఆరడుగులు. మీకంత చోటుందా?"

"చేసుకుంటాను" అన్నాడు.

అప్పుడు ఫౌంటెను పగలగొట్టించాడు. ఆ తర్వాత అద్దాల బీరువా అమ్మేసి కింది తలుపులు వెడల్పు చేయించాడు. ఆ తర్వాత ముందు ప్రహరీ గోడ నుంచి రెండు మలుపులు తిరిగి గుమ్మం దాకా దారి పోయించాడు. మేస్త్రే కట్టాడు. "గవర్రాజు ఇంటికి ఘాట్ రోడ్డు వేశార్రా" అని ఊరు నవ్వింది. నవ్వనిచ్చాడు.

దారి ఆరాక కూడా పిలవడానికి మొహం చెల్లలేదు. వరాలే వెళ్ళి పిలిచింది. ఒక ఆదివారం పైడి వచ్చింది. గవర్రాజు కుర్చీ తొయ్యబోతే, "వద్దండీ" అంది.

తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కింది. మొదటి మలుపు దగ్గర ఊపిరి తీసుకుంది. రెండో మలుపు దగ్గర మళ్ళీ ఆగింది. వెనకాల గవర్రాజు తల వంచుకుని, ఆమె ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ నడిచాడు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ మాట నేను మర్చిపోలేదండీ" అంది. "అయినా వచ్చాను."

గవర్రాజు ముందుకొచ్చి తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి, పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఆమె లోపలికి వెళ్ళింది.

కథేమో కదిలింది కంచి దాకా,
మనమేమో నడిచాము ఇంటి దాకా,
కంచి వాకిట కథకి చాప పరిచారు,
ఇంటి వాకిట మనకి తలుపు తెరిచారు.