మూడో అరలో జ్వరం మందు

అనగనగా సి అనే ఒక అడవి. ఆ అడవిలో దేనికీ తాళం ఉండదు. అక్కడొక ఉడుత చెట్టుతొర్రలో మందుల కొట్టు పెట్టింది. "నాకు దాపరికం తెలీదమ్మా" అనేది, అదేదో పెద్ద సుగుణమైనట్టు. అసలు సంగతి ఏమిటంటే, తన సర్దుడు నలుగురూ చూసి మెచ్చుకోవాలని దాని సరదా.

"మూడో అరలో జ్వరం మందు, పక్కనే దగ్గు మందు. నన్ను లేపకండి, మీరే తీసుకోండి" అని అందరికీ చూపించేది.

అందరూ నేర్చేసుకున్నారు. ఎలుగుబంటి అరలు లెక్కపెట్టుకునేది. కోతి తోకతోనే దగ్గు మందు లాగేది. కుందేలయితే కళ్లు మూసుకుని మూడో అర తడిమేది.

వానాకాలం వచ్చింది. మూడో అరలోకి నీళ్లు కారాయి. ఉడుత జ్వరం మందు పై అరకి మార్చి, విరేచనాల మందుగా వాడే, గట్టి పెంకున్న నేపాళం గింజలు అక్కడ పెట్టింది. నా కొట్టు నా ఇష్టం, ఎవరికి చెప్పాలి అనుకుంది.

ఆ సాయంత్రమే కుందేలు పిల్లకి ఒళ్లు కాలిపోయింది. కుందేలు పరుగున వచ్చి, మూడో అరలో దొరికింది పట్టుకుపోయింది. కాసేపటికి పిల్ల విరేచనాలతో వడలిపోయింది.

సంగతి తెలిసి ఉడుత పరుగెత్తింది. దానిమ్మ తొక్క కషాయం పట్టించి, పిల్ల కళ్లు తెరిచేదాకా కదల్లేదు.

"మూడో అర అని నువ్వే కదా ఉడుతక్కా చెప్పావు" అంది కుందేలు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఉడుతకి.

ఉడుత కొట్టుకి తిరిగొచ్చాక పక్క కొమ్మ మీది గిజిగాడు అడిగింది: "నా గూట్లో పిల్లలు ఏ మూల పడుకుంటాయో నీకు తెలుసా?"

"తెలీదు."

"పిలిస్తే పలుకుతానా?"

"పలుకుతావు."

"అంతే మరి. గుమ్మం చూపించు, గది చూపించకు."

ఉడుత తొర్రకి గడ్డి తెర అల్లించి, ఒక్క కిటికీ పెట్టింది. ఒక్కొక్కరికీ ఒక్కో గడ్డి ఉంగరం ఇచ్చింది. "లోపల మీ పేరిట ఉంచిన పొట్లానికి ఇది గుర్తు. దీంట్లో మందు ఉండదు. చూపించి ఏం కావాలో అడగండి. అదెక్కడుందో వెతుక్కోవడం నా తంటా."

"మా మీద నమ్మకం పోయిందా మరదలా?" అంది కోతి.

"నా మీదే పోయింది బావా. రేపు ఏ అర మారుస్తానో నాకే తెలీదు."

తర్వాతి వానల్లో అరలన్నీ తారుమారయ్యాయి. ఆ సంగతి కుందేలుకి తెలియనే తెలియదు. ఉంగరం చూపించి అడిగింది, జ్వరం మందే అందింది. పిల్ల మూతి ముడుచుకుంటూనే తాగింది.

ఓ రోజు కోతి తెరలోకి చెయ్యి దూర్చింది. ఏది ఏదో తెలియక ఊరికే తడిమి వెనక్కి తీసుకుంది. "గడ్డేగా, ఎవరైనా దూర్చేస్తారు" అని వెక్కిరించింది.

"దూర్చే చేతిని ఆపడం నాకింకా రాలేదు బావా" అంది ఉడుత.

నీతి: సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసే పిల్లలూ, లోపలి అమరికని లోపలి ఫైల్లోనే దాచుకోండి, ఏం అడగొచ్చో మాత్రం బయటికి చెప్పండి, అప్పుడు మీరు అర మార్చినా ఇంకొకరి పిల్లకి జబ్బు చెయ్యదు.