ఐదు పీఠాలూ ఒక పెద్దమ్మా

ఒకానొక రాజ్యంలో, కోటగోడ మీద నిలబడితే ముఖానికి ఉప్పుగాలి కొట్టేంత దగ్గరగా సముద్రం ఉన్న పట్నంలో, ప్రతాపగండ భూపతి అని ఒక రాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు మాత్రం నేను చెప్పను. పేరు చెబితే ఎన్ని చిక్కులొస్తాయో ఈ కథ విన్నాక మీకే తెలుస్తుంది.

ప్రతాపగండుడు చెడ్డవాడేం కాదు. తిండి మీద గాని, వేట మీద గాని ఆయనకు పెద్ద యావ లేదు. ఉన్నదల్లా బిరుదుల పిచ్చి ఒక్కటే. ఆ పిచ్చి కుదర్చవలసిన ఆస్థాన పండితుడు కుప్పయ సోమయాజి, రోజూ దానికి ఇంత మేత వేసి పెంచుతూ ఉండేవాడు.

ఒక ఉగాదినాడు సోమయాజి పాత తాటాకుల కట్ట ఒకటి పట్టుకుని కొలువుకు వచ్చాడు.

"ప్రభూ! తూర్పు సముద్రంలో ఐదు ద్వీపాలున్నాయి. ఇసుక ఎర్రగా ఉండేది రక్తసైకతం. తాటితోపులుండేది తాళవనం. కొండకొన మబ్బులో దూరి ఉండేది మేఘశిరం. తియ్యటి ఊటలుండేది మధురజలం. గుహలోకి కెరటం దూరి శంఖంలా మోగేది శంఖఘోషం. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రాజు. ఐదింటినీ జయించినవాడు పంచద్వీపాధీశ్వరుడు."

"అక్కడి జనం ఎలాంటివాళ్ళు?" అన్నాడు రాజు.

"తాళవనంలో మనుషులు తాటిచెట్లంత పొడుగు. మధురజలంలో వాళ్ళకు కోపం రాదు. మేఘశిరంలో వాళ్ళకు మెడ పైన ఏముందో ఇంతవరకు చూసినవారు లేరు."

రాజుకు ఒళ్ళు పులకరించింది. సాయంత్రానికల్లా శిల్పిని పిలిపించి కోట ద్వారం మీద "పంచద్వీపాధీశ్వరుడు" అని జానెడేసి అక్షరాలతో చెక్కించాడు. ఇక జయించడం ఒక్కటే మిగిలింది.

మర్నాడు రాజుగారి ఓడ నడిపే ముసలి సరంగు పోలయ్యకు కబురు వెళ్ళింది. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడు. ఐదు పేర్లూ విని తల గోక్కున్నాడు.

"బాబూ, ఆ అయిదూ ఒకటే దీవి. మననాగ పడమట నించెల్తే ముందు ఎర్ర ఇసిక కనబడతాది. ఉత్తరం నించి వొచ్చినోడికి తాటితోపు. వానాకాలం ఎల్లినోడికి మబ్బు తప్ప ఏటీ కనబడదు. కడవల్లో నీళ్ళయిపోయి దిగినోడు మంచినీళ్ళ దీవంటాడు. దిగకండా పక్కనించి పోయినోడికి ఆ గుహ మోతే గురుతు. ఎవుడికేటి దొరికితే ఆడు ఆ పేరెట్టీసినాడు."

సోమయాజి చెవులు మూసుకున్నాడు. "శివశివా! వస్తువు లేనిదే పేరు పుట్టదు. ఐదు పేర్లున్నచోట ఐదు వస్తువులుండి తీరాలి. ఇది శాస్త్రం! చేపలు పట్టేవాడా శాస్త్రాన్ని దిద్దేది?"

రాజు ఒకసారి పోలయ్య వంక చూశాడు, ఒకసారి కిటికీలోంచి ద్వారం మీది అక్షరాల వంక చూశాడు. తాటాకునైతే చింపవచ్చు, రాతిని ఏం చేస్తాం? కాబట్టి పోలయ్యను చెరసాలలో పెట్టించాడు.

"విజయదశమికి ఐదు ద్వీపాల రాజులూ మా కొలువులో ఐదు పీఠాల మీద కూర్చోవాలి. కూర్చోకపోతే ఈ పోలయ్య తల ఉండదు," అని ఆజ్ఞ ఇచ్చి, ఓడను పోలయ్య అల్లుడు నూకన్నకు అప్పగించాడు.

నూకన్న మాటలో నిదానం, ముఖంలో అమాయకత్వం ఉన్న మనిషి. అలాంటివాళ్ళతో జాగ్రత్తగా ఉండాలని మా తాత అనేవాడు. అతని భార్య మాత్రం ఏ నిదానమూ లేకుండా చెప్పింది: "మా అయ్యని తేకండా ఇంటికి రాకు. వొచ్చినా తలుపు తియ్యను."

నూకన్న చెరసాలకు వెళ్ళి మామను చూశాడు. ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేతులకు సంకెళ్ళున్నాయి.

"నిజిం సెప్పినానురా నూకన్నా. నిజానికి ఇదా పలితం?"

"నువ్వు ఒక్కపాలే సెప్పీసినావు మావా. పెద్దోళ్ళకి ఒక్కపాలి సెప్తే ఎక్కదు. నాను అయిదుపాలు సెప్తాను. నువ్వు బెంగెట్టుకోకు," అన్నాడు నూకన్న. అన్నాడే గాని బయటికి వచ్చాక కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి ఓడ నడపడం నేర్పింది ఆ చేతులే.

ఓడ బయల్దేరే రోజు రాజు స్వయంగా రేవుకు వచ్చాడు. వెంట సైన్యాన్ని పంపుతానన్నాడు. "ఏనుగులెక్కితే ఓడ మునిగిపోతాది బాబూ. మా బావమరుదులు సాలు," అన్నాడు నూకన్న. బావమరుదులంటే పోలయ్య కొడుకులే. అంచేత ఓడలో జరిగేది ఓడ దాటి బయటికి పొక్కే ప్రమాదం లేదు.

తెరచాప ఎత్తుతుండగా రాజు నోరు తెరిచాడు. "నూకన్నా, ముందుగా ఎక్కడి..."

సోమయాజి అడ్డం పడ్డాడు. "ప్రభూ! బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. అపశకునం!"

నిజమే కదా. ఇంట్లోంచి సంతకు వెళ్ళేవాణ్ణే అడగం, దండయాత్రకు వెళ్ళేవాణ్ణి అడుగుతామా? రాజు చప్పున నోరు మూసుకున్నాడు. రేవులో ఉన్నవాళ్ళంతా "క్షేమంగా వెళ్ళి లాభంగా రా" అన్నారు. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు.

మూడు వారాలకు ఓడ తిరిగివచ్చింది. నూకన్న ఒక బుట్టెడు ఎర్ర ఇసుక రాజు ముందు పోశాడు. అతను నోరు విప్పకముందే సోమయాజి ఎగిరి గంతేశాడు. "ఎర్ర ఇసుక! రక్తసైకతం వశమైంది!"

"ఎవరైనా ఎదిరించారా?" అని రాజు అడిగాడు.

"ఎవురూ ఎదురు రానేదు బాబూ. ఎల్లినాం, దిగినాం, వొడ్డించినారు, తిన్నాం."

"భయపడి ఉంటారు," అన్నాడు రాజు.

రెండోసారి తాటిబెల్లం తెచ్చాడు. "తాళవనం!" అన్నాడు సోమయాజి. మూడోసారి, శ్రావణమాసంలో, మూతికి గుడ్డ కట్టిన ఖాళీ కుండ తెచ్చాడు. రాజు గుడ్డ విప్పి లోపలికి తొంగి చూశాడు. ఏమీ లేదు.

"ఈపాలి వాన బాగా కురిసింది బాబూ. మబ్బు తప్ప ఏటీ కనబడనేదు. కుండ మూత తీసి ఆ మబ్బులోనే పెట్టినాను," అన్నాడు నూకన్న.

"మేఘం! దారిలో ఆవిరైపోయింది ప్రభూ. మేఘశిరం!" అన్నాడు సోమయాజి. ఆ ఖాళీ కుండ మీద అప్పటికప్పుడు సీసపద్యం చెప్పి కంకణం తొడిగించుకున్నాడు కూడా.

నాలుగోసారి కడవెడు ఊటనీళ్ళు, ఐదోసారి ఒక శంఖం వచ్చాయి. ఇన్నిసార్లలోనూ నూకన్న ఒక్క అబద్ధమాడితే ఒట్టు. అడిగినదానికల్లా నిజమే చెప్పాడు. అడగవలసింది మాత్రం ఎవరూ అడగలేదు. వెళ్ళేటప్పుడు అడగకూడదు, వచ్చాక సోమయాజి అడగనివ్వడు.

విజయదశమి వచ్చింది. కొలువులో ఎడంపక్కన ఐదు పీఠాలు వేశారు. తాళవనం రాజు కోసం ఒకటి నిలువెత్తున చేయించారు. మేఘశిరం రాజు దానికి, కూర్చునేవారికి తల ఉంటుందో ఉండదోనని, ఆనుకునే బల్ల పెట్టలేదు.

భట్టు గొంతెత్తాడు. "శత్రుగజకేసరి! దీనజనకల్పవృక్షం! కవిలోకచంద్రుడు! సాహససాగరుడు!" అలా ముప్పైరెండు బిరుదులు చదివేసరికి ప్రతాపగండుడు వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. తలారి కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. పోలయ్య చెరసాలలో ఉన్నా అతని తల ఈ కొలువులోనే తేలాలి మరి.

"రక్తసైకతాధిపతీ!" అని పిలిచాడు భట్టు.

నూకన్న చెయ్యి పట్టుకుని ఒక ముసలమ్మ లోపలికి వచ్చింది. ఆ దీవిలో తగవులు తీర్చేది ఆమే, వైద్యం చేసేదీ ఆమే. అందరూ పెద్దమ్మ అంటారు. "మా మావ తల పోతాదే పెద్దమ్మా, ఓపాలొచ్చి కూకో" అని నూకన్న బతిమాలితే, "కూకోడానికేటి, వొస్తాను" అని ఐదోసారి ఓడలో వచ్చింది. వచ్చి మొదటి పీఠం మీద కూర్చుంది.

"తాళవనాధిపతీ!"

పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, రెండో పీఠం ఎక్కింది. అది ఎత్తు కాబట్టి నూకన్న ఎక్కించాడు.

"మేఘ..." భట్టు గొంతు కాస్త తగ్గింది. "మేఘశిరాధిపతీ?"

పెద్దమ్మ దిగి మూడోదాని మీద కూర్చుంది. "ఇంకా ఉన్నాయేటి నాయినా?" అని భట్టునే అడిగింది.

ఐదో పీఠం కూడా అయ్యేసరికి రాజు ముఖం జేగురు రంగుకు వచ్చింది.

"ఏమిటీ పరాచకం? ఐదుగురు రాజులేరీ?"

"ఈవిడే బాబూ. అయిదుపాలు ఎల్లినాను, అయిదుపాలూ ఈవిడే అన్నం పెట్టింది."

"ఒకే దీవికి ఐదుసార్లు వెళ్ళావా? మాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కడికని ఎవురూ అడగనేదు బాబూ. అడగకూడదని పంతులుగారే సెప్పినారు."

రాజు సోమయాజి వైపు తిరిగాడు. సోమయాజి తడబడలేదు. పండితుడికి తప్పు దొరికితే గొంతు పెరుగుతుందే గాని తరగదు.

"మోసం ప్రభూ! వీడు మిగతా నాలుగు ద్వీపాలకు వెళ్ళనే లేదు. ఐదు పేర్లుంటే ఐదు వస్తువులుండి తీరాలి. మామతోపాటు అల్లుడి తలా తీయించండి!"

తలారి ఒక అడుగు ముందుకు వేశాడు. నూకన్న చేతులు కట్టుకుని ఎప్పటిలాగే నిదానంగా అన్నాడు.

"అలాగే తియ్యండి బాబూ. తీసేముందు నాదొక సందేహం. ఇందాక నాను ఆ గుమ్మం కాడే ఉన్నాను. శత్రుగజకేసరి అని భట్టుగారు కేకేసినారు. సింవ్వం వొస్తాదని జడిసి పక్కకి జరిగినాను. కల్పవృచ్చం అన్నారు. సెట్టెలాగ నడిసొస్తాదో సూద్దామని నిలబడ్డాను. సెంద్రుడన్నారు, సాగరమన్నారు. ముప్పయ్యిరెండు పేర్లు పిలిసినారు. వొచ్చింది మాత్రం తమరొక్కరే. తతిమ్మా ముప్పయ్యొక్క మంది ఎప్పుడొస్తారు?"

నూకన్న సోమయాజి వంక ఒకసారి చూశాడు.

"పంతులుగారి శాస్త్రం నిజమైతే ఆళ్ళు వొచ్చి తీరాల. ఆళ్ళొస్తే ఆ సింవ్వాసనం మీద అందరికీ సోటు సాల్దు. ఆళ్ళు రారంటే మా మావ సెప్పింది నిజిం. ఏది కాయం సేత్తారో తమ సిత్తం."

ప్రతాపగండుడు తన సింహాసనం ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకున్నాడు. వెడల్పయినదే, కాని ముప్పైరెండు మందికి కాదు. ఆయన నెమ్మదిగా అడిగాడు.

"సోమయాజీ, మేము ఎంతమందిమి?"

సోమయాజి ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నాడు. శాస్త్రం ఒకవైపు, తలారి ఒకవైపు కనిపించాయి.

"ప్రభువులు... ఒక్కరే."

"మరి ఆ దీవి?"

"అదీ... ప్రభువుల వంటిదే."

"పోలయ్యను తీసుకురండి," అన్నాడు రాజు.

పోలయ్య వచ్చాడు. గడ్డం గుండెల దాకా పెరిగింది. వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ ముందు తలారిని చూశాడు, తర్వాత అల్లుణ్ణి చూశాడు. అల్లుడు తల ఊపేసరికి ముసలాయనకు ఏడుపు ఆగలేదు. రాజుకు సిగ్గు వేసింది. సిగ్గు వేస్తే రాజులు ఎదుటివాడిదే తప్పంటారు కదా.

"పోలయ్యా, నువ్వు చెప్పిందే నిజం. ఆనాడు ఇంకొంచెం గట్టిగా చెప్పకపోయావా?"

"సెప్దామనే అనుకున్నాను బాబూ," అన్నాడు పోలయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఈలోగా తమరు అంతకంటే గట్టిగా తలుపేసీసినారు."

రాజు పోలయ్యను చూశాడు, ఖాళీ పీఠాలను చూశాడు. ముందు ఆయన మీసం కదిలింది, తర్వాత బొజ్జ కదిలింది, చివరికి కిరీటం పక్కకు జారేదాకా నవ్వాడు. తన మెళ్ళోని ముత్యాలహారం తీసి నూకన్నకు వేశాడు. పోలయ్యకు కొత్త ఓడ కట్టించి ఇస్తానన్నాడు. పెద్దమ్మకు ఏం కావాలంటే, "ఆ మూడో పీట మోకాళ్ళకి బాగుంది నాయినా, అదిప్పించు" అంది. ఇప్పించాడు.

నవ్వు నెమ్మదించాక రాజుకు ఒక సంగతి తోచింది. "అవ్వా, అందరూ తలొక పేరు పెట్టారు సరే. మీ దీవిని మీరేమంటారు?"

"మేమా? ఒడ్డు అంటాం. నీళ్ళలో ఉన్నోడు మరేటంటాడు నాయినా?"

రాజు ఆలోచనలో పడ్డాడు. బహుశా ఆయన పాలించిన కాలమంతటిలోనూ బిరుదు గురించి కాకుండా ఆలోచించింది అప్పుడే అయ్యుండాలి.

అంతలో పక్కనుంచి తాటాకు మీద గంటం గీకిన చప్పుడైంది. సోమయాజి తల వంచుకుని తనలో తాను గొణుక్కుంటున్నాడు: "ఒడ్డు. అనగా తటద్వీపం. ఆరవది."

నూకన్న అది విన్నాడు. రాజు వినకముందే మామ చెయ్యి పట్టుకుని, పెద్దమ్మను ముందు నడిపించుకుంటూ, పీట చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటిదారి పట్టాడు.